ముదిరేదాకా ఆగిన కన్ను

మా అక్కకు చూపున్నది ఒక్క కంటిలోనే. కుడికన్ను చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడే పోయింది. నల్లగుడ్డు మీద తెల్లటి పువ్వు మిగిలింది. ఎడమకంటితోనే సంసారం ఈదింది. కళ్ళంలో ఎండిన మిరపకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయల్ని అందరికంటే ముందు ఏరి పారేసేది. తొంభైల చివర్లో ఆ కంట్లోనూ పొర కమ్మింది. దర్శిలో బస్సెక్కించి, పట్నంలో ఒక కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన టార్చి వేసి క్షణం చూశాడు.

"శుక్లమేనండి. ఇంకా ముదరలేదు. ముదిరాక రండి, తీసేద్దాం."

మాకు వింతగా తోచలేదు. మా నాయనమ్మకూ అలాగే చెప్పారు. పచ్చికాయ కోస్తామా ఏంటి అనుకుంది అక్క. అప్పటినుంచి పొద్దున్నే అరుగు మీద కూర్చుని నన్ను పిలిచేది.

"ఒరేయ్, చూడరా. ముదిరిందా?"

"నేనేమన్నా డాక్టర్నా అక్కా?"

"పేపరంతా నమిలి మింగుతావుగా, ఆ మాత్రం తెలీదూ?"

బడికి పోకుండా అక్షరాలు కూడబెట్టుకున్నవాణ్ణి, పేపరు వదిలేవాణ్ణి కాదు. కంట్లో లెన్సు పెట్టే పద్ధతి వచ్చిందని చదివాను కూడా. ముదరకముందే తీయొచ్చని మాత్రం ఆ రాసినవాడు ఒక్క ముక్క రాయలేదు.

రెండు పంటలు గడిచాయి. కంటిపాప పాలచుక్కలా అయింది. అక్క గోడ పట్టుకుని నడిచేది. ఇక గుంటూరు పెద్దాసుపత్రికి పోదామంటే, "కోతలు కానీరా" అంది.

ఆ కోతల్లోనే కన్ను ఎర్రబడింది. నొప్పి తలలోకి పాకింది, వాంతులయ్యాయి. మిరప కళ్ళం పక్కన ఎర్రకన్ను ఎవరికి లేదు? ఘాటు తగిలిందన్నారు. చన్నీళ్ళతో కడిగాం. మర్నాడూ అదే కడుగుడు. చివరికి అక్క తల గోడకేసి కొట్టుకుంటుంటే గుంటూరు తీసుకెళ్ళాను.

అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల. యంత్రంలోంచి చూసి నావైపు తిరిగింది.

"ఇంతదాకా ఎందుకు ఆగారండీ? శుక్లం మరీ ముదిరి లోపలే కారిపోయింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటోంది."

"ముదిరాక రమ్మన్నారమ్మా."

"ఎవరన్నారు? అది పాత పద్ధతండీ. ఇప్పుడు ముదరక్కర్లేదు. చూపు మసకబారి పనికి అడ్డమైతే చాలు, తీసేసి లెన్సు పెడతాం."

బెంచీ మీద కూలబడ్డాను. ఎప్పుడు మారింది? మారితే మాకెవరు చెప్పారు? పత్తికి కొత్త పురుగుమందు వస్తే ఆటోకి మైకు కట్టి ఊరూరా అరుస్తారే, గోడలన్నీ రంగులతో నింపుతారే! మనిషి కంటి సంగతి మారితే చెప్పే నోరు ఒక్కటి లేకపోయిందా?

ఎస్టీడీ బూతులోకి వెళ్ళి, పాత చీటీ మీది నంబరు చూసి టార్చి డాక్టరుకు ఫోను చేశాను. ఆయనా చాలాకాలంగా లెన్సులే పెడుతున్నాడట!

"మరి ముదరాలని ఎందుకన్నారండీ?"

"పాత అలవాటండి. నోటికి అలా వచ్చేస్తుంది. మీరు మధ్యలో ఒకసారి రావాల్సింది."

ముదిరాక రమ్మన్నవాడి దగ్గరికి ముదరకముందు ఎలా వెళ్తాం? రిసీవరు పెట్టేశాను.

ఒత్తిడి దించి అక్కకు ఆపరేషన్ చేశారు. కట్టు విప్పి డాక్టరమ్మ వేళ్ళు చూపించింది.

"ఎన్ని, మామ్మగారూ?"

అక్క కిటికీ వైపు మొహం తిప్పింది. "అటు వెలుగుందమ్మా."

"నా చెయ్యి కనపడుతోందా?"

"ఏ చెయ్యి?"

డాక్టరమ్మ చెయ్యి దించేసింది. నా వంక చూసింది. నేను నేల చూశాను. అక్క తడుముకుంటూ ఆ పిల్ల చెయ్యి దొరకబుచ్చుకుంది.

"పర్లేదులే తల్లీ. ఇంకొన్నాళ్ళు ఆగమంటే ఆగుతాను."