మా నాయన తరఫున నేను పెట్టిన ఒట్టు

మైపాడు పక్కన మా పాళెంలో బడి అయిదో తరగతితో అయిపోయేది. నాకు నాలుగులోనే అయిపోయింది. సముద్రానికి ఎన్ని ఒడ్లురా అని అయ్యవారు అడిగితే, "మాకు కనపడేది ఒకటే సార్, రెండోది మీరు పోయి చూసొచ్చి చెప్పండి" అన్నాను. బెత్తం విరిగింది. మర్నాటి నుంచి మా నాయనతో తెప్ప ఎక్కాను.

నా చెల్లెలు అలా కాదు. అయిదు పాసయ్యాక కూడా రోజూ పలక పట్టుకుని పోయి ఆ అయిదులోనే కూర్చునేది. అలా ఏడాది పైన కూర్చుంది. ఒకరోజు అయ్యవారే మా గుడిసెకు వచ్చి, "దీన్ని ఎక్కడన్నా హైస్కూల్లో వేయండయ్యా, ఇంకొన్నాళ్ళుంటే నా కుర్చీ అడిగేట్టుంది" అన్నాడు. నన్ను కొట్టిన చెయ్యే నా చెల్లెలి కోసం దణ్ణం పెట్టింది. నాకు నవ్వూ వచ్చింది, ఇంకోటీ వచ్చింది.

అరవైల మొదట్లో మాట ఇది. అమ్మ అప్పటికే లేదు. నాయన, నేను, చెల్లెలు, ముగ్గురమే. దక్షిణాన పులికాట్ సరస్సు ఒడ్డున ఉప్పుకొటార్లలో పని దొరుకుతుందనీ, ఆ ఒడ్డు పాళెం నుంచి నడిచిపోయే దూరంలోనే హైస్కూలుందనీ కాలవ పడవలవాళ్ళు చెప్పారు. ముందు నేనొక్కణ్ణే పోయి చూశాను. ఉప్పు మోసే పని రెండో రోజే దొరికింది. ఇక గుడిసె వేసుకోవడానికి చోటు కావాలి. దానికి పాళెం పెద్దను అడగాలి.

పెద్దాయన అమ్మవారి అరుగు మీద కూర్చుని వల అల్లుతున్నాడు. నా వివరం అంతా విని చెయ్యి ఆపాడు.

"సముద్రపోళ్ళా మీరు?"

"అవును పెద్దాయనా."

"అయితే ముందే చెప్తుండా, ఇను."

సరస్సులో చేపలు పడే చోట్లు కొన్నే. ఏ చోట ఏ రోజు ఎవరు వల వేయాలో పాళెంవాళ్ళు చీట్లు వేసి పంచుకుంటారు. ఆ పాళెంలో పుట్టిన మగవాళ్ళకే చీటీ. పొరుగువాడికి నీళ్ళను చూసే హక్కుంది, అంతే. చోటు కావాలంటే అమ్మవారి ముందు కర్పూరం ఆర్పి ఒట్టు పెట్టాలి. మా ఇంట్లో ఎవరూ ఈ నీళ్ళలో వల వేయరని. వేస్తే గుడిసె పీకి, వాసాలతో సహా కాలవ పడవ ఎక్కిస్తారు.

"వల ఏసేది నాకు చేతనైతే ఉప్పు మోసేదానికి ఎందుకొస్తా పెద్దాయనా?" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు.

"మీ నాయన సంగతేంది?"

"ముసిలోడు. వల మోసేది భుజం అలవాటుకి."

మళ్ళీ నవ్వారు. ఆ నవ్వుల్లోనే అరచేత్తో కర్పూరం ఆర్పాను. అరచెయ్యి కాలింది కానీ, నేను కాలినట్టు కనపడలేదు.

మా నాయనతో మాత్రం ఆ మాట చెప్పలేదు. చెబితే ఆయన కదలడు. ఆయన కదలకపోతే చెల్లెలు అయిదో తరగతిలోనే ముసలిదవుతుంది. నేను తిరిగొచ్చాక ఆయన అడిగింది ఒకటే, "ఆడ నీళ్ళుండాయా?"

"నీళ్ళకేం నాయనా, ఈ చివర నిలబడితే ఆ చివర కనపడదు" అన్నాను. అందులో అబద్ధం లేదు.

తెప్ప కొయ్యలు మాతో పొత్తున్నవాళ్ళకే ఇచ్చేసి, గిన్నెలూ చాపలూ కాలవ పడవలో వేసుకుని బయల్దేరాం. విసురు వల మాత్రం ఆయన పడవలో పెట్టనివ్వలేదు. దారి పొడుగునా భుజాన్నే ఉంది. ఆ వల ఆయన అల్లిందే. దాని సీసపు గుండ్లు ఒక్కొక్కటీ తనే పోసి బిగించుకున్నాడు.

దిగిన రోజు సాయంత్రమే సరస్సులోకి నడిచాడు. నూరడుగులు పోయాడు, నీళ్ళు మోకాలు దాటలేదు. ఇంకో నూరడుగులు పోయాడు, తొడ దాకా వచ్చాయి. వెనక్కి తిరిగి, "ఏందిరా ఇది, సముద్రానికి కూతురా, మనవరాలా?" అన్నాడు. కానీ చేప తోక కొట్టిన చప్పుడు వినగానే ఆయన మెడ అటు తిరిగింది. 

"ఈడ చీట్లంట గదా, పడవోళ్ళు చెప్పినారు. మన చీటీ ఎప్పుడు?" అన్నాడు.

"ఈ తడవ అయిపోయింది నాయనా. వచ్చే తడవ చూద్దాం."

చెల్లెలు హైస్కూల్లో చేరింది. పాళెం నుంచి హైస్కూలుకు పోయే ఆడపిల్ల అదొక్కతే. పొద్దున సరస్సు అంచున అడ్డదారిలో పోయి సాయంత్రానికి వచ్చేది. నేను ఉప్పు మోసేవాణ్ణి. నాయన ఇంటి ముందు కూర్చుని, చిరగని వలను బాగుచేసేవాడు. లేని చిరుగుల్ని వెతికి కుట్టేవాడు. వచ్చే పోయేవాళ్ళు ఆగి ఆ అల్లిక మెచ్చుకుంటే, "మా చీటీ రానీండి, దీని పని చూద్దురు" అనేవాడు. వాళ్ళు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. కొడుకే అనుకుంటే తండ్రీ హాస్యగాడే అనుకున్నారు. అదే నన్ను కొన్ని నెలలు బతికించింది.

మళ్ళీ చీట్ల రోజు వచ్చింది. నాయన తలంటుకుని ఉతికిన పంచె కట్టాడు. "పద పోదాం" అన్నాడు.

"ఈరోజు లేదంట నాయనా. ఎవరో పోయినారంట, మైల."

"అయ్యో, ఎవురు?" అని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "పలకరించి రావాల గదా."

నా నోటికొచ్చిన అబద్ధానికి ఒక శవం కావలసి వచ్చింది. "ఇక్కడ కాదు, పక్క పాళెంలో" అని ఆ చావును రెండు మైళ్ళు అవతలికి జరిపాను. నాయన తువ్వాలు తీసి వంకెకు తగిలించాడు. పంచె మాత్రం ఆ రోజంతా మార్చలేదు.

నీళ్ళ బావి దగ్గర ఎవరో అన్న మాట చెల్లెలి చెవిన పడింది. వచ్చి నన్ను గుడిసె వెనక్కి లాగింది.

"ఒట్టు పెట్టినావంట గదన్నా?"

"ఎవురు చెప్పినారు?"

"అందరికీ తెలుసు. నాయనకు తప్ప. నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"నీ పరీక్షలు కానీ పిల్లా. చెప్తే ఆయన ఇప్పుడే మూట కట్టమంటాడు."

"నా పరీక్షల కోసం ఆయన్ని పిచ్చోణ్ణి చేస్తుండావా?"

 "పరీక్షలయిన రోజే చెప్తా" అని మాత్రం అన్నాను. అది నన్ను నమ్మలేదు, కానీ ఒప్పుకుంది. పరీక్షలకు ఇంకా పన్నెండు రోజులున్నాయి.

నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు ఎండ నడినెత్తికి రాకముందే, నాతో పనిచేసే మనిషి ఒకడు ఉప్పుకట్ట మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు. "ఒరే, మీ నాయన వల ఏసినాడు. అరుగు కాడికి తీసకపోయినారు."

తట్ట అక్కడే వదిలేశాను.

అరుగు చుట్టూ జనం. అమ్మవారి గుంజకు మా నాయన వల వేలాడుతోంది, నీళ్ళు కారుతూ. దాని పక్కన నాయన నడుము దాకా తడిసి నిలబడి ఉన్నాడు. విసురు వల తాడు మణికట్టుకు కట్టుకుంటారు. వాళ్ళు వల లాక్కున్నప్పుడు తాడు తెగింది కాబోలు, జానెడు ముక్క ఆయన ఎడమచేతికి ఇంకా వేలాడుతూనే ఉంది. బుట్టలో చేపలు కొట్టుకుంటున్నాయి.

"ఎవురూ రాలా, చేపలేమో ఎగురుతుండాయి, ఏసినా" అంటున్నాడు నాయన, ఇందులో తప్పేముందో తెలియనివాడిలా. "సముద్రంలో ఎవురైనా ఎవుర్నైనా అడుగుతారా?"

"ఇది సముద్రం కాదు" అన్నాడు ఆరోజు వంతు గలవాడు. "ఈరోజు నాది. నేను అన్నం తినేదానికి పోతే నువ్వు నా అన్నమే తిన్నావు."

పెద్దాయన నన్ను చూశాడు. "రా అబ్బయా. ఒట్టు పెట్టినావా లేదా, ఇక్కడే?"

"పెట్టినా."

నాయన తల నా వైపు తిరిగింది.

"మీ నాయనకు చెప్పినావా?" అన్నాడు పెద్దాయన. "ఆలోచించి చెప్పు. చెప్పుంటే తప్పు ఆయనది, దానికో దండుగ ఉంది. చెప్పకపోయుంటే నువ్వు పెట్టింది దొంగ ఒట్టు. దొంగ ఒట్టోడికి ఈ పాళెంలో పూట కూడా చోటు లేదు. ఈరోజే గుడిసె పీకాల."

జనం వెనకాల పుస్తకం పట్టుకుని చెల్లెలు నిలబడి ఉంది. బడి లేని రోజది. చదువుకుంటూ ఉండి వచ్చినట్టుంది, వేలు ఇంకా పేజీ మధ్యనే ఉంది.

 ఇంకో అబద్ధం కోసం వెతికాను. ఏమీ లేదు. చివరికి నిజమే వచ్చింది.

"చెప్పలా" అన్నాను.

జనమంతా ఇదీ హాస్యమే అనుకుని గొల్లున నవ్వారు. ఎవరో నా వీపు మీద చరిచారు. "ఈడు చచ్చేటప్పుడు కూడా ఇట్నే అంటాడురా!" పెద్దాయన ఒక్కడే నవ్వలేదు. "నవ్వులాటకు ఇది చోటు కాదు. సరిగా చెప్పు."

"నిజంగానే పెద్దాయనా, నేను ఆయనకు..."

"చెప్పినాడు" అన్నాడు మా నాయన.



"దిగిన రోజే చెప్పినాడు. నాకే, చేప ఎగిరేతలికి మతి పోయింది. ముసిలోణ్ణి. తప్పు నాదే. ఏం చెయ్యాల్నో చెప్పండి."

 అది అబద్ధమని పెద్దాయనకు తెలిసిపోయిందనే నేను ఇప్పటికీ అనుకుంటాను. చేపలు వంతు గలవాడికి ఇమ్మన్నాడు. వల అమ్మవారిదన్నాడు. అంటే ఆ గుంజకే ఉండి, ఎండకీ వానకీ చీకిపోవాలి. మళ్ళీ తప్పు జరిగితే మాటల్లేవన్నాడు.

నాయన తలూపాడు. పంటితో మణికట్టు ముడి విప్పి, ఆ జానెడు తాడు ముక్కను కూడా తీసుకెళ్ళి వల మీద పెట్టాడు. అది ఎవరూ అడగలేదు.

ఇంటికి నడిచేటప్పుడు ముందు ఆయన, వెనక నేను. "నాయనా" అన్నాను. ఆగలేదు. "నాయనా, చెల్లి చదువు కోసం..."

"తెలుసులేరా" అన్నాడు వెనక్కి తిరక్కుండా. "చెప్పుంటే నేనే కర్పూరం ఆర్పేవోణ్ణి. నీ చెయ్యి కాలేది గాదు."

కాలిన మచ్చను ఆయన చూశాడని అప్పటిదాకా నాకు తెలియదు.

చెల్లెలు పరీక్షలు రాసింది. పై తరగతికి పోయింది. నాయన అరుగు మీద పెద్దాయన పక్కనే కూర్చుని పాళెంవాళ్ళకు వలలు అల్లి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆయన తల పైనే తన వల చీకిపోతూ ఉండేది. దాని వైపు తలెత్తి చూసేవాడు కాదు.

ఆ ఏడు వానలకు సరస్సు పొంగి అడ్డదారి మీదికి వచ్చింది. లోతేమీ లేదు, చీలమండ తడుస్తుంది, అంతే. అప్పటి నుంచి చెల్లెలికి తోడు పోతున్న నాయన మాత్రం ఆ పిల్లను రెండు మైళ్ళు చుట్టూ తిప్పి కట్ట మీదుగా తీసుకుపోయేవాడు. ఆ నీళ్ళలో కాలు పెట్టేవాడు కాదు.

ఒక పొద్దున ఉండబట్టలేక అడిగాను. "నాయనా, ఒట్టు వలకే. కాళ్ళకు కాదు. ఆ పిల్లను ఎందుకట్లా చుట్టూ తిప్పుతావు?"

గొడుగు తీసి చెల్లెలి చేతికిచ్చాడు. చెల్లెలు నవ్వు ఆపుకుంటోంది.

"ఏమో అబ్బయా" అన్నాడు. "నువ్వు ఇంకా ఏమేం ఒప్పుకొని వచ్చినావో నాకు తెలుసా?"