మేకల దొడ్డికి అడ్డం కట్టిన గుడి కటకటాలు

ప్రియమైన మరియమ్మా,

తప్పులుంటే సర్దుకుని చదువు. నా రాత కోడి కెలికినట్టుంటుందని నీకు తెలుసుగా.

మన గుడిలో పీఠం ముందు, ఫాదర్ గారు పెట్టే సత్ప్రసాదపు అప్పం కోసం మోకరించే కర్ర కటకటాలు గుర్తున్నాయా? గడ్డం ఆనిస్తే సాంబ్రాణి వాసన వచ్చేది. కళ్ళు మూసుకుని నాలుక చాపమంటే నువ్వు ఒక కన్ను తెరిచేదానివి. ఇకమీదట సత్ప్రసాదం నిలబడే తీసుకోవాలని వాటిని పీకేశారు. గుడిలో జపాలు నేర్పే ఉపదేశి కదా మా బావగారు, ఆయనే వాటిని తెచ్చి మేకల దొడ్డికి అడ్డం కట్టారు. రోజూ వాటికంటిన పెంటికలు నేనే తుడుస్తున్నాను.

మొన్న ఆదివారం మీ నాయనమ్మ అలవాటుగా వట్టి బండల మీదే మోకరించింది. బావగారు రెక్క పట్టుకుని లాగారు.

“లే ముసలమ్మా, ఇంకా ఈ పాత వేషాలేంటి?”

“ప్రభువు ముందు నిలబడటం నాకు చేతగాదు నాయనా.”

వెనక ఎవరో నవ్వారు. నాకు అసహ్యం వేసింది. బావగారి ఎదుట నోరెత్తలేను కదా, వెళ్ళి ఆమె పక్కన మోకరించాను. ఫాదర్ గారు కాసేపు ఆగి, ఇద్దరి నాలుకల మీదా సత్ప్రసాదం పెట్టారు. పట్టుకు లేవడానికి కటకటాలు లేవుగా, మీ నాయనమ్మ నా భుజం పట్టుకుని లేచింది.

ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడటం లేదు. వచ్చే ఆదివారమూ ఆమె పక్కనే మోకరిస్తాను. బావగారు మీ ఊరు వస్తుంటారు, ఇది చదివి పొయ్యిలో వేసెయ్యి.