మూడు గుర్తుల ఇల్లు

పక్క ఊళ్ళో ఇళ్ళు కాలిపోయాయని విన్నప్పుడు మీరు చివరిసారి చేసిన పని ఏమిటి? ఫోనులో ఫొటోలు చూసి, అయ్యో అనుకుని, ఇంకొకరికి పంపించారా? నేను అంతకంటే గొప్పగా ఏమీ చేయలేదు. వ్యాసం రాయడానికి కూర్చున్నాను.

వ్యాసానికి కారణం ఇది. చీమకుర్తికి అవతల కొండను ఆనుకుని ఒక చిన్న ఊరుంది. ఏప్రిల్‌లో కొండ మీద ఎండుగడ్డికి అంటుకున్న మంట పడమటి గాలికి కిందికి దిగింది. ముందు చొప్ప వాములు, ఆ తరువాత పొయ్యి కోసం గోడల పక్కన పేర్చుకున్న పత్తి కట్టె, దాని వెంట ఇళ్ళు. జనం పశువులను విప్పుకుని వాగులోకి పరుగెత్తి బతికారు. ఆ ఊళ్ళో ఇప్పుడు ఒక చర్చి సేవా సంస్థ, ఒక మసీదు కమిటీ, ఒక గుడి ట్రస్టు ఇళ్ళు కప్పే పని చేస్తున్నాయి. గుంటూరులో మా హేతువాద సంఘం సమావేశంలో ఒక మిత్రుడు, "నిప్పును అడ్డం పెట్టుకుని మతం అమ్ముకుంటున్నారు" అన్నాడు. అందరం తలలూపాం. కంటితో చూడని దానికి తలూపకూడదని ముప్పై ఏళ్ళుగా రాస్తున్నవాణ్ణి. ఇంటికి వచ్చాక సిగ్గేసింది. చూసి రావాలని బయలుదేరాను.

మే నెలాఖరు, మంగళవారం. బ్రాడీపేటలో ఆటో ఎక్కి ఆరు గంటలకు బస్టాండు చేరాను. ఆరుంపావుకు ఒంగోలు ఎక్స్‌ప్రెస్ దొరికింది. టికెట్టు నూట ఎనభై రూపాయలు. వెళ్ళేవాళ్ళు ఈ బస్సే ఎక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, ఎడమవైపు చిలకలూరిపేట దాటేసరికి ఎండ మాడ్చేస్తుంది.

నా వెనక సీటులో యాభై ఏళ్ళ ఆవిడ ఒకరు కూర్చున్నారు. ఆధార్ చూపించి సున్నా టికెట్టు తీసుకున్నారు. కోల్డ్ స్టోరేజీల దగ్గర మిరపకాయల తొడిమలు తీసే కూలీ అట. యార్డుకు వేసవి సెలవులు కనుక మార్టూరులో చెల్లెలి దగ్గరికి పోతున్నారు.

"మీరెక్కడికండీ?" అని అడిగారు.

"చీమకుర్తి అవతల కాలిపోయిన ఊరికి."

"చర్చి తరపునా?"

"కాదమ్మా."

"సాయిబుల కమిటీయా? మీరట్టా లేరే. గుడోళ్ళా?"

"ఎవరి తరపునా కాదు. ఊరికే చూసి రాద్దామని."

ఆవిడ నా చేతిసంచీ వంక ఒకసారి చూశారు. "చూడ్డానికి అంత దూరం ఎందుకండీ, టీవీలో చూపించారుగా" అని కొంగు తలమీదికి లాక్కుని నిద్రపోయారు.

తొమ్మిదిన్నరకు ఒంగోలు. బస్టాండు ఎదుట ఇడ్లీ, కారప్పొడి, టీ. పది గంటలకు చీమకుర్తి బస్సు, ముప్పై అయిదు రూపాయలు. దారి పొడవునా నల్ల బండరాళ్ళ లారీలు. వాటి వెనక బస్సు నడిచింది తప్ప పరుగెత్తలేదు. చీమకుర్తిలో షేర్ ఆటో ఎక్కాను. కంది మోళ్ళు, దున్ని వదిలేసిన మిరప చేలు దాటాక డ్రైవరు చెయ్యి చూపించాడు. "ఇదుగో, ఈడ నించి నలుపు మొదలవుద్ది సార్." కొండ సగం దాకా గొరిగినట్టు నల్లగా ఉంది. రోడ్డు పక్క వేపచెట్లకు ఒక పక్క ఆకులు మాడిపోయి, రెండో పక్క పచ్చగా ఉన్నాయి.

పదకొండున్నరకు ఊళ్ళో దిగాను. సగం పైగా ఇళ్ళకు కొత్త సిమెంటు రేకులు వచ్చాయి. ఒక ఇంటి మీద నలుగురు మనుషులు రేకు బిగిస్తున్నారు. కింద నిలబడి రేకు అందిస్తున్న నెరసిన జుట్టు మనిషే పాస్టరు గారని చెప్పారు. నేను సూటిగా అడిగాను. "కప్పు వేసినందుకు ఈ ఇంటివాళ్ళు ఆదివారం మీ ప్రార్థనకు రావాలా?"

"ముందు ఆ రేకు చివర పట్టుకోండి సార్, గాలికి లేస్తంది. తిట్టుకోవడం పనయ్యాక తిట్టుకుందాం" అన్నారాయన.

అరగంట పట్టుకున్నాను. చేతులు బొబ్బలెక్కాయి. పనయ్యాక ఆయన జవాబు చెప్పారు. "రమ్మనడం మా అలవాటు, పిలుస్తాం. రాకపోతే రేకు ఊడదీయం." ఒకటి రెండు ఇళ్ళలో కరపత్రాలు కనిపించిన మాట నిజం. గుడి ట్రస్టు వేసిన రేకుల మీద దాతల పేర్లు పెద్ద అక్షరాలతో రాయించిన మాటా నిజం. అవి నాకు నచ్చలేదు, ఆ మాట వాళ్ళ ముఖానే చెప్పాను. కానీ రేకు లేని ఇంట్లో కూర్చుని రేకు మీది పేరును విమర్శించడం కుదరదని కూడా అక్కడే తెలిసింది.

ప్రతి ఇంటి గోడ మీద, ద్వారం పక్కన ఒక రంగు గుర్తు ఉంది. అదేమిటో మసీదు కమిటీ తరపున పని చూస్తున్న కరీముల్లా మేస్త్రి చెప్పాడు. తెల్ల సున్నం గీత ఉంటే ఆ ఇల్లు చర్చివాళ్ళు కప్పుతారు. ఆకుపచ్చ చుక్క ఉంటే మసీదు కమిటీ. కావి బొట్టు ఉంటే గుడి ట్రస్టు. మొదటివారంలో ఒకే ఇంటికి ఇద్దరు రేకులు తెచ్చి వీధిలో మాటామాటా అనుకున్నారట. అప్పుడు మూడు వర్గాలూ కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నాయి. ఒకరి గుర్తు ఉన్న ఇంటి మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు. "అప్పట్నించి మాట పట్టింపు లేదండీ, పని నడుస్తంది" అన్నాడు. మతాల మధ్య ఇంత చక్కని ఒప్పందం చూసి నాకు ముచ్చటేసింది. ఊరి చివరికి వెళ్ళేదాకా.

ఊరి చివర ఒక ఇల్లు. నాలుగు మట్టిగోడలు, పైన ఆకాశం. ఒక మూల పాత టార్పాలిన్ కట్టుకుని ఇద్దరు కూర్చున్నారు. గోడ మీద మాత్రం తెల్ల గీత, ఆకుపచ్చ చుక్క, కావి బొట్టు మూడూ వరసగా ఉన్నాయి.

ఇంటాయన పేరు నాగుల్‌మీరా. దూదేకుల కుటుంబం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పాత పరుపులు తెచ్చి, దూది విప్పి ఏకి, మళ్ళీ కుట్టి ఇస్తాడు. కుట్టుపని భార్య మస్తానమ్మది.

"దూది ఇంట్లో పెట్టుకుంటేనే మాకు పని సారూ" అన్నాడు. "కప్పు లేని కొంపకు ఎవురిస్తారు? రెండు చినుకులు పడ్డాయంటే ముద్దయిపోద్ది. ఇంకో రెండు వారాల్లో వానలు. ఆ లోపల కప్పు పడకపోతే ఈ ఏడు పని లేనట్టే. కూలికి పోదామంటే నా నడుం వంగదు."

"మూడు గుర్తులున్నాయి కదా?"

"అందరూ నన్ను మావోడేనన్నారు. అక్కడే వచ్చింది చిక్కు."

చిక్కు ఇలా వచ్చింది. నాగుల్‌మీరా పండగలకు మసీదుకు పోతాడు, కనుక కమిటీ చుక్క పెట్టింది. ఊరి గుడిలో అమ్మవారి పరుపు ప్రతి ఏడూ ఈయనే కుడతాడు, కనుక ట్రస్టు బొట్టు పెట్టింది. కూతురికి జబ్బు చేసిన ఏడు మొదలుకొని మస్తానమ్మ ఆదివారం ప్రార్థనకు వెళుతుంది, కనుక చర్చివాళ్ళు గీత గీశారు. ముగ్గురూ ఒకే రోజు వేరువేరు వేళల్లో వచ్చి గుర్తు పెట్టి పోయారు. తరువాత రేకులతో వచ్చిన ప్రతివాడూ మిగతా రెండు గుర్తులు చూసి, సరే వాళ్ళు వేస్తారులే అని మర్యాదగా పక్క ఇంటికి వెళ్ళిపోయాడు.

"మీరు వెళ్ళి అడగవచ్చు కదా?"

"ఒకళ్ళని అడిగితే మిగతా ఇద్దరికీ నొప్పి. మమ్మల్ని కాదనుకున్నాడంటారు. రేపు అందరి ఇళ్ళకూ పోయి దూది అడగాల్సినోణ్ణి."

"నాకే నొప్పీ లేదు" అంది మస్తానమ్మ. "నేనడుగుతానంటే ఈయన వద్దంటాడు. పెద్ద మర్యాదస్తుడు. ఆకాశం కప్పుకుని పడుకుంటన్నాం."

పక్కింటి కోటేశ్వరమ్మ మిరప రైతు. ఆమె నన్ను పిలిచి గోంగూర పచ్చడి, మజ్జిగతో అన్నం పెట్టింది. తిన్నాక పాస్టరు గారినీ మేస్త్రినీ ఆ గోడ దగ్గరికి తీసుకొచ్చాను. ఒంగోలులో ఉన్న ట్రస్టు మేనేజరుకు ఫోను చేసి స్పీకరు పెట్టాను.

"వాళ్ళ గుర్తు ఉన్నాక మేం చెయ్యి పెడితే బాగుండదండి" అన్నారు పాస్టరు.

"పాస్టరు గారే ముందొచ్చారు గదా" అన్నాడు మేస్త్రి.

"మిగతావాళ్ళు తమవాడు కాదంటే రేపే వేయిస్తాం సార్" అంది ఫోను.

"మేమెందుకు కాదంటాం?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

నాకు ఒళ్ళు మండింది. మీ ముగ్గురి మర్యాద కింద ఈ మనిషి ఎండలో కూర్చున్నాడని అరిచి, తడి గోతం తీసుకుని గోడ రుద్దడం మొదలుపెట్టాను. సున్నం పోయింది. కావి పోయింది. ఆకుపచ్చ మాత్రం ఇనుప తలుపులకు వేసే రంగు, ఇటుకముక్కతో గీకితే గానీ పోలేదు.

"దేవుళ్ళ గుర్తులు గదండీ, అట్టా గీకొచ్చా?" అంది కోటేశ్వరమ్మ.

"దేవుడు వేసినవి కాదమ్మా, బ్రష్షు వేసినవి."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "కట్టుబాటులో ఇంకో మాటుంది సార్. గుర్తు చెరిపినోళ్ళే ఆ ఇల్లు కప్పాలి. ఊరికే చెరిపేసి పోకుండా పెట్టుకున్నాం."

"నాకు తెలియదు కదా."

"మీకు తెలీదని వాన ఆగుద్దా?" అంది కోటేశ్వరమ్మ.

పాస్టరు గారు నవ్వి, తామే వేస్తామన్నారు. లేదు తామేనన్నాడు మేస్త్రి. ఫోను కూడా ఏదో అంటోంది. అప్పుడు నాగుల్‌మీరా లేచి నిలబడ్డాడు.

"ఆగండయ్యా, మళ్ళీ మొదటికి తెస్తన్నారు. ఈ సారు ఎవరి మనిషీ కాదంట. ఈయన్నే కప్పనీయండి. ఈయన కప్పితే రేపు నేను మీ ముగ్గురి గడపా తొక్కొచ్చు."

ముప్పై ఏళ్ళలో నా అవిశ్వాసాన్ని తిట్టినవాళ్ళున్నారు, వాదించినవాళ్ళున్నారు. అది తనకు అవసరమని అడిగినవాడు ఇతనొక్కడే. సరేనన్నాను. మేస్త్రి టేపు పట్టి కొలిచాడు. పొడవు పదహారు అడుగులు, వెడల్పు పన్నెండు. వాసాలు కాలిపోయాయి, గోడలు గట్టిగానే ఉన్నాయి. నిచ్చెన, డ్రిల్లు ఇస్తామన్నారు పాస్టరు. రేకు ఎలా బిగించాలో దగ్గరుండి చూపిస్తానన్నాడు మేస్త్రి.

అక్కడి నుంచే మా సంఘం కార్యదర్శికి ఫోను చేశాను. ఆయన ఎంతో సంతోషించారు. "అద్భుతమైన అనుభవం, తప్పక రాయండి. వచ్చే నెల కార్యవర్గంలో పెట్టి ఒక తీర్మానం చేద్దాం" అన్నారు.

ఈ ఫోనుకూ స్పీకరే పెట్టాను. మస్తానమ్మ అంతా విన్నది. "తీర్మానం అంటే ఏంది సారూ, రేకులాంటిదేనా?" అని అడిగింది.

నాలుగు గంటలకు ఆటో, అయిదున్నరకు ఒంగోలులో గుంటూరు బస్సు. మేదరమెట్ల దాటేసరికి పొద్దు వాలుతోంది. దేవుడు లేడని నేను ఈ ఉదయం ఎంత గట్టిగా అన్నానో ఇప్పుడూ అంతే గట్టిగా అంటాను. ఆ ఊళ్ళో ఒక్క రేకూ ఆకాశం నుంచి దిగలేదు, ప్రతిదీ మనుషుల భుజాల మీద ఎక్కింది. అయితే ఆ భుజాలలో మన హేతువాదులది ఒక్కటీ లేదు. మతం మనుషులను విడదీస్తుందని మనం సభలు పెట్టాం. ఆ మతాలు మూడూ గొడవపడకుండా ఊరిని పంచుకుని కప్పుతున్నాయి. వాటి మర్యాదల మధ్య జారిపోయిన ఒక్క ఇంటిని కప్పడానికి ఏ గుర్తూ లేని మనుషులు కావాలి. అటువంటివాళ్ళమని చెప్పుకునేది మనమే.

కాబట్టి, ఇది మీ చేతికి అందాక వచ్చే మొదటి ఆదివారం గుంటూరు బస్టాండుకు రండి. ఒంగోలు బస్సు ఆరుంపావుకు. వాసాలు, రేకులు చీమకుర్తిలో దొరుకుతాయి, నా వంతు నేను కొంటాను, మీ వంతు మీరు తెండి. సుత్తి పట్టడం వచ్చినవాళ్ళు సుత్తి తెచ్చుకోండి, రానివాళ్ళు నిచ్చెన పట్టుకోండి. ఆ ఇంటి మీద కప్పు పడేదాకా ఈ వ్యాసం బాగుందని నాకు ఉత్తరం రాయకండి. వానలు దగ్గరపడ్డాయి. రండి.