మూడు ఊళ్లూ మొదటివే

డెబ్బైల్లో జరిగింది. అప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్లు. వయోజన పాఠశాలలో అక్షరాలు నేర్చుకుని ఏడాదైంది. రైసు మిల్లులకు సలహాలిచ్చే ఒక కంపెనీలో అటెండరు ఉద్యోగాలు పడ్డాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఆఫీసుల్లో ఏది ముందు కావాలో, తర్వాత ఏదో దరఖాస్తులో వరుసగా రాయాలి. మా అత్తమ్మ పక్షవాతంతో మంచంలో ఉంది కాబట్టి నాకు మా సూర్యాపేటే కావాలి. కానీ తమ ఊరిని వెనక రాస్తే ఆఫీసువాళ్లు చిన్నబుచ్చుకుంటారని భయపడ్డాను. మూడు దరఖాస్తులు రాసి, ఏ ఆఫీసులో ఇచ్చేదాంట్లో ఆ ఊరినే మొదట పెట్టాను.

మిర్యాలగూడ పెద్దాఫీసుకు పిలిచారు. మేనేజరు మూడు కాగితాలూ బల్లమీద పరిచాడు.

"ఏందమ్మా లింగమ్మా, గీ ముగ్గురూ నువ్వేనా?"

పక్కనున్న గుమస్తా పకపకా నవ్వాడు.

"నేనే సారూ."

"నీకు ఏ ఊరైనా ఒకటే అనుకొని కోదాడకు ఏసినం. ఇగో ఆర్డరు. సోమవారం పోకుంటే పేరు కొట్టేస్తం."

ఎందుకలా రాశానో చెప్పి, "సూర్యాపేట ఇడిసి పోలేను సారూ, మా అత్తమ్మకు బువ్వ తినిపియ్యాలె" అన్నాను.

"గీడ చిన్నబుచ్చుకునేటోళ్లు ఎవరున్నరమ్మా? నువ్వు రాసిందే మేం సూస్తం." ఆయన కొత్త దరఖాస్తు నా ముందుకు జరిపాడు. "సూర్యాపేటల ఇప్పుడు ఖాళీ లేదు. మల్ల ఎప్పుడయితదో చెప్పలేను. ఆలోచించుకొని రాయి."

చేతికొచ్చిన ఉద్యోగం బల్లమీదే ఉంది. 'సూర్యాపేట' అని ఒక్కటే రాసి ఇచ్చాను.

ఆర్నెల్లకు సూర్యాపేట ఆఫీసులో చేరమని పిలుపొచ్చింది. అక్షరాలు రాక ముందు, ఎవరో రాసిన కాగితాల మీద వేలిముద్ర వేసేదాన్ని. నేను రాసిన మాటను నిజమని నమ్మేవాళ్లు ఉంటారని ఆ రోజే తెలిసింది.