జెట్ విమానం ముక్కులో సీసం

మొన్న జగ్గయ్యపేటలో మా పెదనాన్నగారి పెద్దబ్బాయి పెద్దకర్మకు వెళ్ళాను. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, తొంభైకి దగ్గరపడి పోయాడు, నిండు జీవితం, కొత్తగా ఏడవవలసిన పని ఎవరికీ లేదు. భోజనాలకు ముందు షామియానా కింద చిన్న సభలాంటిది పెట్టారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గదా, ఒక్కొక్కరూ లేచి ఆయన మంచితనం గురించి, మాటతీరు గురించి చెబుతుంటే నేనూ తలూపుతూ విన్నాను, నాకేం పోయింది. చివర్లో మనవడు మైకు పట్టుకుని, ఆ రోజుల్లోనే మన ప్రాంతంలో జెట్ విమానాల నమూనాలు తయారుచేసిన మొదటి మనిషి మా తాతయ్యే అన్నాడు. నేను లేచి ఏమంటానో అని మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. రెండు బూరెలు తిని, మజ్జిగ తాగి, ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆకాశంలో సున్నపు గీత గీసినట్టు జెట్ వెళితే వీధి వీధంతా బయటికొచ్చి మెడలు నొప్పిపుట్టేదాకా చూసేవాళ్ళం. గీత చెదిరిపోయాక కూడా ఇంకా ఏదో కనిపిస్తున్నట్టే నిలబడేవాళ్ళం. అరవైల్లో యుద్ధం వచ్చి రేడియో వార్తల్లో ఆ విమానాల మాట రోజూ వినపడేసరికి ఆ పిచ్చి ఇంకా ముదిరింది. అప్పటికి నేను జగ్గయ్యపేటలో చిన్న బడిపంతులుని. మా మేనత్త కొడుకు, మా బావ, నందిగామలో రేడియోలు బాగుచేసే కొట్టు నడిపేవాడు. చిన్నప్పటి జ్వరంతో అతని ఎడమకాలు సన్నబడిపోయింది. వైమానిక దళంలో మెకానిక్కుగా చేరాలని మద్రాసుదాకా వెళితే, పేరైనా అడగకుండా గుమ్మంలోంచే వెనక్కి పంపేశారు. ఆ సంగతి అతను ఎన్నడూ ఎవరికీ చెప్పుకోలేదు, మా అత్తయ్య చెబితే తెలిసింది.

ఇక పోయినాయన. వరసకు అన్నయ్య, ఆ పిలుపు తప్పదు గనక అలాగే అంటాను. ఎరువుల వ్యాపారం, చేతినిండా పని, నెలకోసారి మద్రాసు ప్రయాణం. అక్కడ ప్లాస్టిక్ విమానాల పెట్టెలు దొరికేవి. పెట్టె తెరిస్తే రెక్కలు, తోక, పొట్ట, చక్రాలు అన్నీ ముక్కలు ముక్కలుగా ఒక చట్రానికి అతుక్కుని ఉండేవి, వాటిని కోసి, అరగదీసి, అతికించి, రంగు వెయ్యాలి. అన్నయ్య పెట్టెలు తెచ్చేవాడు, బావ కట్టేవాడు, నేను గరుకు కాగితంతో అంచులు రుద్దేవాణ్ణి. ఆదివారం వస్తే పొద్దున్నే బస్సెక్కి నందిగామ వెళ్ళి ఆ కొట్టు వెనకగదిలో కూర్చుంటే పొద్దే తెలిసేది కాదు. పోస్టాఫీసు గుమాస్తా ఒకాయన, ఆసుపత్రి కాంపౌండరు ఒకాయన కూడా వచ్చి చేరేవాళ్ళు. పెట్టెలో వచ్చే జిగురు ఎండిపోయి ఉండేది. రేడియో లోపలి భాగాలు తుడిచే మందులో ప్లాస్టిక్ తుంపులు కరిగించి బావ తనే జిగురు చేసుకునేవాడు. మహా చాదస్తుడు. అతుకు కనబడిందంటే కట్టిన రెక్క విరిచి మళ్ళీ మొదలుపెట్టేవాడు. నేను వారమంతా రుద్దిన తోకను వేలితో తడిమి, "ఇదేం తోకరా, చెరుకుముక్కా?" అని నా మీదికి విసిరేసిన రోజులున్నాయి.

ఇక్కడ ఒక కిటుకు చెప్పాలి. ఈ జెట్ బొమ్మ మూడు చక్రాల మీద నిలబడుతుంది, ముందొకటి, వెనక రెండు. బరువంతా వెనకే ఉంటుంది గనక ఉత్తగా కడితే తోక నేలకానించి, ముక్కు పైకెత్తి కూర్చుంటుంది. అందుకని ముక్కు రెండు చెక్కలూ అతికించేముందే లోపల బరువు దాచాలి. బావ టంకం సీసం కరిగించి చిన్న ముద్దచేసి లోపల అంటించేవాడు. కట్టినవాడికి తప్ప చూసేవాడికి అది ఉన్నట్టే తెలియదు. అన్నయ్య ఎప్పుడూ కాఫీ వేళకు వచ్చి, తయారైన బొమ్మ చూసి బాగుందని పోయేవాడే గాని, అతికించేటప్పుడు పక్కన కూర్చున్న పాపాన పోలేదు.

నందిగామ హైస్కూలు వార్షికోత్సవంలో పిల్లల వస్తువులతో పాటు ఊళ్ళోవాళ్ళ చేతిపనులు కూడా బల్లల మీద పెట్టేవాళ్ళు. బావ కట్టిన జెట్‌ను అక్కడ పెడదామన్నాడు అన్నయ్య. మేం సంతోషించాం. తీరా వెళ్ళి చూస్తే బొమ్మ ముందు చీటీ మీద అన్నయ్య పేరుంది. సొమ్మొకడిది సోకొకడిది అని విన్నాంగానీ, సొమ్ము నాది గనక సోకూ నాదేననే మనిషిని అప్పుడే చూశాను. ఆ ఏడు ముఖ్య అతిథిగా వచ్చినాయన వీరులపాడు వైపు మనిషి, వైమానిక దళంలో ఆఫీసరు. ఆ బొమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయి, దీన్ని కట్టిన మనిషిని హైదరాబాదు దగ్గరి మా స్థావరానికి తీసుకెళ్ళి అసలు జెట్‌లో కూర్చోబెడతానని వేదిక మీదే చెప్పాడు. అన్నయ్య చేతులు జోడించి నిలబడ్డాడు. నేను లేవబోతే బావ నా చొక్కా పట్టుకుని లాగాడు.

మనిషికి రోషం ఉండొద్దూ అని దారిపొడుగునా బావను తిట్టాను. ఆ పక్షమంతా నేను కుతకుత ఉడికిపోతుంటే అతను మాత్రం ఆఫీసరు వెంట హైదరాబాదు వెళ్ళిన అన్నయ్య తిరిగి రావడం కోసం ఎదురుచూశాడు. ఆ ఎదురుచూపు చూస్తే నాకు ఇంకా మండేది. అన్నయ్య వచ్చాడని తెలియగానే కొట్టు మూసేసి, ఆ కాలితోనే బస్సెక్కి జగ్గయ్యపేట వచ్చాడు. అన్నయ్య వాళ్ళ అరుగు మీద పీట వేసుకుని కూర్చుని ఒక్కొక్కటే అడిగాడు. సీటు వెనక్కి వాలి ఉంటుందా? నడిపే కాడ ఎత్తెంత? ఎడమచేతి కింద ఏముంటుంది? లోపల వాసనెలా ఉంటుంది? అద్దం మూస్తే బయటి చప్పుడు వినపడుతుందా?

"ఏముందయ్యా అందులో, ఇరుకు. ఉక్క. ఎప్పుడు దింపుతారా అనిపించింది" అన్నాడు అన్నయ్య. "తర్వాత టీ, బిస్కట్లూ ఇచ్చార్లే. బిస్కట్లు మాత్రం బావున్నయ్."

బావ ఇంకోసారి అడిగాడు, కనీసం ముందున్న గడియారాలు ఎన్ని వరసలో గుర్తుందా అని. చూళ్ళేదన్నాడు అన్నయ్య. బావ లేచి, చొక్కా దులుపుకుని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. అతని మొహం అలా చూడటం నాకదే మొదటిసారి. పేరు పోయినప్పుడు కూడా అలా లేదు.

మరుసటేడు ఉత్సవానికి మళ్ళీ ఆ ఆఫీసరే వస్తున్నాడని తెలిసింది. ముందుగానే ఒక కొత్తరకం జెట్ పెట్టెను అన్నయ్యకు పంపి, దీన్ని మీ చేతులమీదుగా కట్టి ఉంచండి, నేనే వచ్చి బల్లమీద పెడతాను అని కబురుచేశాడు. అన్నయ్యకు మింగలేక కక్కలేక అయింది. బుట్టెడు బత్తాయిలు పట్టుకుని బావ కొట్టు మెట్లెక్కాడు. ఏ మొహంతో వచ్చావని నేను అడగబోయేలోపే, దాందేముంది చేసిపెడతానన్నాడు బావ. ఆ రోజు బావను కొట్టినంత పని చేశాను. నోట్లో నాలుక లేనివాడని జాలిపడుతున్నవాణ్ణి, చివరికి వెన్నెముక కూడా లేదనుకున్నాను.

పని మొదలైంది. అంత శ్రద్ధగా అతను ఏదీ కట్టలేదు. రెక్కల అతుకులు గోటికి కూడా తగలకుండా చేశాడు, పైలట్ తలమీది టోపీకి కూడా సన్నని కుంచెతో రంగు వేశాడు. అలవాటు ప్రకారం సీసం కరిగించి ముద్ద చేశాడు. ముక్కు చెక్కలు అతికించే రోజు నేను పక్కనే ఉన్నాను. జిగురు రాశాడు. ముద్ద బల్లమీదే ఉంది. రెండు చెక్కలూ కలిపి అదిమాడు. నేను నోరు తెరిచాను. అతను తలెత్తి నావైపు చూశాడు. నేను నోరు మూసుకున్నాను. సీసం ముద్దను తీసి చొక్కాజేబులో వేసుకుని, బీడీ వెలిగించుకున్నాడు. అన్నయ్య మీద పగ తీర్చుకోవాలని ఏడాదిగా నేను మనసులో వేసిన ఎత్తులన్నీ ఆ బీడీ పొగ ముందు దిగదుడుపే. బొమ్మను దూది మధ్య పెట్టి, రేడియో పెట్టెలో ఉంచి మూత బిగించి, రంగు పచ్చిగా ఉంది, దుమ్ము పడుతుంది, బల్లదగ్గరికి వెళ్ళేదాకా తెరవొద్దని అన్నయ్యకు మరీ మరీ చెప్పాడు.

హాలు కిక్కిరిసి ఉంది. ఆఫీసరు స్వయంగా మూత తీసి, బొమ్మను రెండుచేతులా ఎత్తి అందరికీ చూపించి బల్లమీద పెట్టాడు. అది నింపాదిగా తోకమీద కూలబడింది, వీధికుక్క కూర్చున్నట్టు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ కూలబడింది. ముందువరస పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన అన్నయ్యవైపు తిరిగి, నిరుడు బాగానే నిలబడింది గదా, అప్పుడు ముక్కులో ఏం పెట్టారని మర్యాదగానే అడిగాడు. అన్నయ్య నావైపు చూశాడు, నేను పైకప్పువైపు చూశాను.

"ముక్కులోనా అండీ? ముక్కులో ఏం పెడతామండీ... గాలేనండి" అన్నాడు.

ఈసారి పెద్దవాళ్ళు కూడా నవ్వారు. అప్పుడు వెనక బెంచీ నుంచి బావ లేచాడు. కాలీడ్చుకుంటూ ఆ పొడుగాటి హాలంతా నడిచి, జేబులోంచి సీసం ముద్ద తీసి, కాస్త మైనం అద్ది, బొమ్మ ముక్కు మీద అంటించాడు. విమానం ముందుకు వంగి మూడు చక్రాలమీద బుద్ధిగా నిలబడింది. "ఇది లోపలుండాలండి" అన్నాడు. ఆఫీసరు బావను, అతని కాలిని, వేళ్ళకంటిన రంగును చూసి, అన్నయ్యవైపు తిరిగాడు.

"అయితే నిరుడు నేను కూర్చోబెట్టింది ఎవర్నయ్యా?"

అన్నయ్య తల దించుకున్నాడు. ఆ దించుకున్న తల రుచి ఇప్పటికీ నా నాలికమీద ఉంది. పాము పన్నెండేళ్ళు పగబడుతుందంటారు, నాది అరవై దాటినా వాడిమి తగ్గలేదు, తగ్గించుకోవాలని నాకు లేదు. ఆ తర్వాత పెద్దమ్మ మా గడప తొక్కలేదు. పెట్టెలు రావడం ఆగిపోయింది. ఆదివారాల కూటమి చెదిరిపోయింది. చెదిరితే చెదిరింది.

బావకు జెట్ ఎక్కే యోగం మాత్రం పట్టలేదు. ఆ ఆఫీసరుకు అప్పటికే ఉత్తరాదిన సరిహద్దుకు బదిలీ అయింది, అక్కడికి బయటివాళ్ళను రానివ్వరు. ఎంతో నొచ్చుకుని, నీకేం కావాలో అడగమన్నాడు. లోపల ఎలా ఉంటుందో చెప్పండి చాలన్నాడు బావ. సభ ముగిశాక ఖాళీ హాల్లో బెంచీమీద పక్కపక్కన కూర్చుని ఆయన చెబుతూ పోయాడు. బావ కళ్ళు మూసుకుని, ఆయన చెప్పిన చోటల్లా చెయ్యి పెట్టి తడిమాడు, ఎడమచేతి కింద, మోకాళ్ళ మధ్య, తలపైన. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

ఇప్పుడు పిల్లలు ఫోను తెరమీద ఏ విమానం లోపలైనా వేలితో తిప్పి చూస్తున్నారు. బొమ్మల పెట్టెలు ఇంటికే వస్తున్నాయి, ముక్కులో పెట్టే బరువు కూడా అందులోనే ఉంటుందట. ఎవరి గదిలో వాళ్ళు ఒంటరిగా కట్టుకుంటున్నారు, చెరుకుముక్కా అని విసిరేసేవాడు ఎదుట లేడు. బావ పోయి చాలాకాలమైంది. ఆ సీటునూ కాడనూ గాల్లో చేతులతో తడిమినవాడిగానే పోయాడు.

పోయినవాణ్ణి క్షమించాలని మా ఆవిడ అంటోంది. పేరు దొంగిలించినందుకైతే ఎప్పుడో క్షమించేవాణ్ణి. బావ కూర్చోవలసిన సీట్లో కూర్చుని, ఏమీ చూడకుండా లేచి వచ్చినందుకు క్షమించను.