లాంజిలో రెండోసారి ఎవరూ అడగలేదు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కువైట్‌లో మేనల్లుడింట్లో కడుపు నిండాక మనసు మారింది.

వాడు పంపిన ఫస్ట్ క్లాస్ టికెట్ల పుణ్యమా అని ఇవాళ హైదరాబాద్ విమానాశ్రయంలో, డబ్బున్నవాళ్లు కూర్చునే లాంజిలో నేనూ మా ఆవిడా కూర్చున్నాం. పొద్దున్న రావులపాలెంలో తాగిన కాఫీ తప్ప కడుపులో ఏమీ లేదు.

అక్కడ పనిచేసే అమ్మాయి వచ్చి, "భోజనం చేస్తారా సార్?" అంది.

"అబ్బే, ఇప్పుడే తినొచ్చామండి" అన్నాను.

మా కోనసీమలో మొదటిసారి అడిగితే అలాగే అంటాం. మూడోసారికి గానీ విస్తరి ముందు కూర్చోం. ముమ్మిడివరంలో మా పెద్దత్తయ్యయితే వీధి గేటు దాకా వచ్చి చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కెళ్లేది. ఈ అమ్మాయి మాత్రం "ఓకే సార్" అని వెళ్లిపోయింది.

ఎదురుగా బిర్యానీ పొగలు కక్కుతోంది.

"వెళ్లి వడ్డించుకోండి" అంది మా ఆవిడ.

"తిన్నామని చెప్పేక ఏ మొహం పెట్టుకుని వెళ్లనే? మళ్లీ అడుగుతుందిలే."

"ఆయ్, అడుగుతుంది. బొట్టు పెట్టి మరీ పిలుస్తుంది."

అడగలేదు. ఈలోగా విమానానికి పిలిచారు. తప్పు నాదో, ఆ అమ్మాయిదో మీరే చెప్పాలి.

విమానంలో ఇంకో అమ్మాయి వచ్చి భోజనం తెమ్మంటారా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ, "ఇప్పుడే తిన్నామండి" అంది.