వేరే పెట్టిన నెయ్యి

మా ఇంట్లో దేనికి లోటున్నా నెయ్యికి లోటు ఉండదు. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఇల్లు మాది. బోర్లించిన కుండ కింద కొబ్బరి మట్టలు ఎగదోస్తూ రేకులు తీసేది నేను. వాటికి నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి చుట్టేది మా అత్తయ్య. పెట్టెలు రాజమండ్రి షాపులకు వేసి వచ్చేది మా ఆయన. అందుకే ఆయన ఒకరోజు గంజాయి తెచ్చినప్పుడు, దాన్ని నేతిలో కలపాలన్న ఆలోచన మాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. పొగ తాగితే అత్తయ్య పట్టేస్తుంది. నెయ్యి తింటే ఎవరికి అనుమానం?

గంజాయి అనగానే మమ్మల్ని ఏదో అనుకోకండి. మాకు రెండుసార్లు కడుపు పోయింది. రెండోసారి ఐదో నెల. ఆ తర్వాత డాక్టరమ్మ నెలకు కొన్ని తేదీలు రాసిచ్చింది. ఆ తేదీల్లో మా ఆయన స్నానం చేసి, కరెంటు బిల్లు లైన్లో నిలబడ్డ మొహం పెట్టుకుని గదిలోకి వచ్చేవారు. కొన్నాళ్లకు అదీ మానేశాం. ఒకే మంచం మీద, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ వదిలి పడుకునేవాళ్లం. ఆయనకు నా మీద కోపమని నా భయం. లోపం నా ఒంట్లోనే ఉందని లోపల అనుకుంటున్నారని భయం. అడిగితే నిజం చెప్పేస్తారేమోనని అడగలేదు.

ఆయన ఫోన్‌లో ఏదో వీడియో చూశారు. ఏజెన్సీ వైపు తిరిగే లారీ డ్రైవరు ఒకతన్ని పట్టుకుని చిన్న పొట్లం సంపాదించారు.

“ఇది కొంచెం తింటే సిగ్గూ భయం పోతాయంట. మొగుడూ పెళ్లాలు మళ్లీ దగ్గరవుతారంట,” అన్నారు నేల చూస్తూ.

“పోలీసులు పట్టుకుంటే ఏం చెప్తారండీ? మా ఆవిడ కోసమని చెప్తారా?”

నేను వేళాకోళానికి అన్నాను. ఆయన నవ్వలేదు. “అదే చెప్తాను,” అన్నారు. ఆ మాటకే లొంగిపోయాను.

గురువారం మధ్యాహ్నాలు అత్తయ్య బాబా గుడికి భజనకు వెళ్లేది. మేమిద్దరం చెరో పూతరేకు తినేవాళ్లం. మొదటిసారి నాకు కళ్లు తిరిగి వాంతి అయింది. రెండోసారి ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. అలా ఎంతసేపు పట్టుకున్నారో, గంటో నిమిషమో, ఇద్దరికీ తెలియలేదు. మెడ మీద ఆయన ఊపిరి తగులుతుంటే నాకు మెడ తప్ప ఒళ్లే లేనట్టుంది. ఆయన నవ్వారు. నా పేరు పెట్టి పిలిచారు. సిగ్గు విడిచి రాస్తున్నాను, ఆ నెల గురువారాల్లో నేను కొత్త పెళ్లికూతురినే. కానీ శుక్రవారం తెల్లారేసరికి మంచం మధ్య ఖాళీ మళ్లీ అలాగే ఉండేది. నన్ను కోరుకున్నది ఆయనా, ఆ నెయ్యా?

ఆ నెయ్యిని చిన్న గాజు సీసాలో పోసి పై అరలో, మినప్పప్పు డబ్బా వెనక దాచాను. దాచాను గానీ మా అత్తయ్య అలవాటు మర్చిపోయాను. ఏ నెయ్యయినా ముందు చిరిగిన రేకు ముక్క మీద రాసుకుని తిని, కనరెక్కిందో లేదో చూడందే ఆవిడ పని మొదలుపెట్టదు. ఒక బుధవారం అర దులుపుతుంటే సీసా దొరికింది. కోడలు మర్చిపోయి పాడుచేసిందనుకుంది. తిని చూస్తే చేదు తగిలింది. అమ్మే సరుక్కి పనికిరాదు, పారబోయడానికి మనసొప్పదు. చిరిగిన రేకులన్నీ పోగేసి, ఆ నెయ్యి అద్దుకుని, టిఫిను బదులు కడుపునిండా తినేసింది.

నేను కుండ దగ్గర ఉన్నాను. ఎండ గడప దాటే వేళకు నా వెనక ఎవరో ఆడపిల్ల గొంతు వినిపించింది.

“ఎన్నాళ్లకొచ్చారండీ!”

తిరిగి చూస్తే అత్తయ్య. ఎదురుగా ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ. ఆవిడ మాట్లాడుతున్నది మా మామగారితో. ఆయన నేను కాపురానికి రాకముందే పోయారు.

“వరండాలో ఎందుకండీ, లోపలికి రండి. ఇరవయ్యేళ్లు ఆ వరండాలోనే పడుకున్నారు. పిల్ల పోయిందని నా మీద కోపమాండీ? నేనేం చేశానండీ? ఒక్కసారి చెయ్యి వేసి చెప్పండి, కోపమేనా?”

అప్పుడే ఖాళీ పెట్టెలతో వచ్చిన మా ఆయన గుమ్మంలో నిలబడిపోయారు. తనకొక చెల్లెలు పుట్టి పోయిందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. నేను ఖాళీ సీసా వైపు చూపించాను. ఆసుపత్రికి తీసుకెళ్తే ఏం తిందని చెప్పాలి? ఆ భయంతో తీసుకెళ్లలేదు. మజ్జిగ పట్టించి, పడుకోబెట్టి, ఊపిరి చూస్తూ చెరో పక్కన కూర్చున్నాం. ఆవిడకేమైనా అయి ఉంటే అన్న తలపు ఇప్పటికీ నన్ను వదలదు. సాయంత్రానికి లేచి కాఫీ అడిగింది. మిగిలిన పొట్లాన్ని ఆయన కాలవలో పడేసి వచ్చారు.

నాలుగు రోజుల తర్వాత, రేకు చుడుతూ తలెత్తకుండా అడిగింది అత్తయ్య.

“ఆ సీసాలో నెయ్యి ఇంకేమైనా ఉందా అమ్మా?”

“లేదత్తయ్యా. అయిపోయింది.”

“అయ్యో. ఆయనేదో చెప్పబోయారే. ఈలోగా తెలివొచ్చేసింది.”

ఆవిడకు అంతా గుర్తుంది. మా సంగతి కూడా అర్థమయ్యే ఉంటుంది. నాకు ఆవిడ మొహం చూసే ధైర్యం లేకపోయింది. రేపు నేనూ ఇలాగే ఖాళీ కుర్చీని అడుగుతూ కూర్చుంటాననిపించింది.

ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తింటుంటే ఎదురుగా కూర్చున్నాను. మత్తు లేదు, డాక్టరమ్మ తేదీ కాదు.

“కడుపు నిలవలేదని నా మీద...”

“ఛ, నీ మీద కోపమెందుకే?” అన్నారు.

నేనింకా కోపమన్న మాటే అనలేదు.